రెండు కాజాల తెర

దీపావళికి ముందు ఇల్లు దులపడం సూరత్‌లో పండగ కంటే పెద్ద పండగ. ఆ నాలుగు రోజులూ మా ఆవిడ లత చీర కుచ్చిళ్లు ఎగదోపి చీపురు పట్టుకుందంటే, అరేబియా సముద్రంలో పుట్టిన తుపాను కూడా మా వీధి పేరు విని దారి మార్చుకుంటుంది. మొన్నటి దులపడంలో అటక మీది ఇనప పెట్టె కిందికి దిగింది. అందులోంచి నా లైట్ల స్టాండు కాళ్లు, కుందేలు చెవులున్న ఊలు టోపీలు ఓ డజను, బొద్దింకలు మూడు తరాలుగా కాపురమున్న ఒక వెదురు బుట్ట, అన్నిటికీ అడుగున మడత పెట్టిన మీగడరంగు గుడ్డ ఒకటి బయటపడ్డాయి.

"మెత్తగున్నది. ఫ్యాన్లు తుడుస్త," అంది లత.

నేను మంచం మీంచి దూకిన దూకుడుకు కింది వాటావాళ్లు భూకంపమనుకుని బయటికి పరిగెత్తి ఉంటారు. "ఏయ్! అది గుడ్డ గాదు, నా తెర!"

"తెరనా? నువ్వేమన్న నాటకాలాడినవా?" అని ఎత్తిపొడిచింది.

ఆడాను. ఆ సంగతే చెప్పాలి. గుడ్డను మొహానికి ఆనించుకుంటే ఇంకా అదే వాసన: కర్పూరం, వాము, కొబ్బరినూనె, వీటన్నిటి వెనక నలభై మంది పసిపిల్లలు తలా ఒకసారి పోసిన ఉచ్చ. ఎన్నిసార్లు ఉతికినా నాలుగోది పోలేదు. లత ముక్కు మూసుకుని పక్కగదిలోకి వెళ్లింది. నేను ఆ గుడ్డ ఒళ్లో వేసుకుని కూర్చున్నాను.

మనిషికి బాల్యం ఒక్కసారే వస్తుందంటారు. నాకు రెండుసార్లు వచ్చింది. మొదటిది అందరికీ వచ్చినట్టే వచ్చింది. సూరత్‌లోని ఉధ్నాలో కింద ఇరవై నాలుగు మరమగ్గాలు, పైన మా ఒక్క గది, ఆ గదిలో దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో నేను. కింద మగ్గాలు నడుస్తుంటే పైన మా గిన్నెలు వాటంతటవే నడుచుకుంటూ వచ్చి గూట్లోంచి దూకేవి. నా ఉయ్యాలను ఎవరూ ఊపనక్కర్లేదు, మగ్గాల యజమానే తన కరెంటుతో ఊపేవాడు. వారానికోరోజు మగ్గాలు ఆగగానే నేను లేచి పెడబొబ్బలు పెట్టేవాణ్ణట. అప్పుడు మా అవ్వ పక్కన కూర్చుని కండెలు చుట్టుకుంటూనే నాలుకతో మగ్గం చప్పుడు చేసేది. టకటక్, టకటక్, టకటక్. అవ్వ అంటే నాయనమ్మ అనుకునేరు, మా వైపు కన్నతల్లినే అవ్వ అంటాం. సిరిసిల్ల దగ్గర పల్లె నుంచి పెళ్లయిన ఏడాదే మా నాయన వెంట సూరత్ వచ్చింది, పేరు నర్సవ్వ. నాయన పోయాక నన్ను పెంచింది ఆ రెండు చేతులే.

రెండో బాల్యం నాకు నలభై మూడో ఏట వచ్చింది, కరోనా చలికాలంలో. నలభై మూడేళ్ల మనిషి ఒక కొత్త పనిలోకి పుట్టి, పాకి, పడి, పక్క తడిపి, నడక నేర్చుకుంటే దాన్ని బాల్యమనక ఏమనాలి? అంతకుముందు నేను పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ని. సొంత స్టూడియో లేదు, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి కెమెరా భుజాన వేసుకుని పోయేవాణ్ణి. లాక్‌డౌన్ వచ్చి మగ్గాలు ఆగిపోయాయి. ఉధ్నా నిశ్శబ్దంగా ఉండటం నేను పుట్టాక అదే మొదలు, ఆ నిశ్శబ్దానికి నాకు చెవిపోటు వచ్చింది. మా వీధిలో సగంమంది లారీలెక్కి ఊళ్లకు పోయారు. తర్వాత పెళ్లిళ్లకు అనుమతిచ్చారు గానీ లెక్కపెట్టి ఇంతమందే అన్నారు. ఆ లెక్కలో ఫొటోగ్రాఫర్ కూడా ఒక మనిషే. ఒక పెళ్లిలో నేను లోపలికి వెళ్లాలంటే పెళ్లికూతురి మేనమామ బయట నిలబడాల్సి వచ్చింది. ఆయన కిటికీ ఊచల్లోంచి నన్ను చూసిన చూపుకి నా కెమెరాలో బ్యాటరీ దానంతటదే దిగిపోయింది. ఆ తర్వాత నన్నెవరూ పిలవలేదు.

అయితే ఊరంతా మూతపడ్డ ఆ నెలల్లో ఒక కార్ఖానా మాత్రం మూతపడలేదు. దాని సరుకు చలికాలానికి బయటికి వచ్చింది. ప్రతి బిల్డింగులో ఒక ఉయ్యాల. స్టూడియోకి పోవాలంటే భయం, కానీ చుట్టాలెవరూ చూడటానికి రాలేని కాలం కాబట్టి ఫొటో కావాలి. పదిపన్నెండు రోజుల పసిగుడ్డును బుట్టలో ముడుచుకునేలా పడుకోబెట్టి, కుందేలు టోపీ పెట్టి, మబ్బు మీద తేలుతున్నట్టు తీసే ఫొటోలు అప్పుడే ఫోన్లలో తిరుగుతున్నాయి. ఇంటికే వచ్చి తీస్తానని నేను నా నంబరు ఊరి మీదికి వదిలాను.

పసిపిల్లల ఫొటో తీయడం పులి పళ్లు తోమడం కంటే కష్టమని అప్పటికి నాకు తెలియదు. పిల్ల నిద్రపోవాలి. నిద్రపోవాలంటే గది వెచ్చగా ఉండాలి. సూరత్ చలికాలమంటే బజారులో పచ్చజొన్నల పోంక్ వస్తుంది, మా అవ్వ మఫ్లరు బయటికి తీస్తుంది, అంతే. అందుకని ఏ ఇంట్లోనూ హీటరుండదు. కానీ బట్టల్లేని పసిగుడ్డుకు ఆ చలే హిమాలయం. నేనొక సెకండ్‌హ్యాండ్ హీటరు కొన్నాను. మొదటి ఫొటో సూరత్ శివారు కడోదరాలో. హీటరూ, నా రెండు లైట్లూ ఒకేసారి వేస్తే ఆ ఇంటి ఫ్యూజు కాదు, నాలుగంతస్తుల బిల్డింగు మొత్తానికి కరెంటు పోయింది. లిఫ్టులో ఇరుక్కున్నాయన అక్కణ్ణుంచే నా వంశం మొత్తాన్ని హిందీలో పలకరించాడు. పిల్లవాడు ఆ గొడవకు లేచి, సరిగ్గా గురిచూసి, నా ఖరీదైన లెన్సు మీద పోశాడు. రెండో ఇంట్లో పిల్ల తలే నిలవలేదు. ఎట్లా పడుకోబెట్టినా మెడ వాలిపోయేది, వాళ్లమ్మ పట్టుకుంటే ఆమె ఫొటోలో పడేది. ఆ ఇంట్లో ఒక్క ఫొటో రాలేదు.

ఆ సాయంత్రం నేను అన్నం ముందు కూర్చుని దుఃఖిస్తుంటే అవ్వ సాంతం విన్నది. అవ్వకప్పుడు అరవై ఎనిమిది. ఇరవయ్యేళ్లుగా ఆమె చేసే పని రఫ్ఫు. మగ్గం మీంచి దిగిన గుడ్డలో ఎక్కడన్నా దారం తెగి కంత పడితే, ఆ గుడ్డ అంచులోంచే దారాలు లాగి, ఒకటి పైకి ఒకటి కిందికి సూదితో నేసి, కంత ఉన్న చోటు కనిపించకుండా చేయడం. అవ్వ రఫ్ఫు చేసిన గుడ్డను సేటు భూతద్దం పెట్టి వెతికి, దొరక్క, కంత ఎక్కడో చెప్పమని అవ్వనే బతిమాలుకునేవాడు. కరోనాతో ఆ పని కూడా ఆగిపోయి, ఆమె చేతులు ఖాళీగా ఒళ్లో పడి ఉన్నాయి.

"గంతేనా నీ రంది?" అంది. "నేను వట్టుకుంట. తెర ఎనుక కూసుంట. చేతులు మాత్రం ఇటు పెడ్త."

"నీకీ వయసుల ఎందుకే అవ్వా? బయట రోగం…"

"ముక్కుకు గుడ్డ గట్టుకొని, మీద తెర గప్పుకొని కూసుంటె రోగం నన్నెట్ల గుర్తువడ్తదిరా?"

మర్నాడు తాకాల, అంటే బట్ట తానుల, మూటలోంచి నేతలో లోపమొచ్చి అమ్ముడుపోని మీగడరంగు గుడ్డ ఒకటి తెచ్చింది. మధ్యలో జానెడెడంగా రెండు చీలికలు కోసి, చొక్కాకు కాజాలు కుట్టినట్టు అంచులు కుట్టింది. ఆ రెండు కాజాల్లోంచి రెండు చేతులూ బయటికి పెట్టి, తెర అవతల్నుంచి, "పిల్లనియ్యి," అంది. ఇంట్లో పిల్లలెవరూ లేక సొరకాయనిచ్చాను. సొరకాయ నిద్రపోయింది. నిజం, కావాలంటే లతనడగండి.

అట్లా మొదలైంది. పొద్దున్నే స్కూటరు మీద ముందు నేను, వెనక అవ్వ, మా ఇద్దరి మధ్య పిల్లను పడుకోబెట్టే దూది గింజల పెద్ద మెత్త. చెక్‌పోస్టు దగ్గర పోలీసు ఆపి ఆ మెత్తలో ఏముందని అడిగితే అవ్వ తన హిందీలో, "బచ్చా సోతా," అనేది, దీని మీద పిల్ల పడుకుంటుందని ఆమె ఉద్దేశం. ఆయన దాన్ని నొక్కి చూసి, లోపల బచ్చా లేదని ఇంకా ఎక్కువ కంగారుపడేవాడు. కస్టమర్ల ఇంటికెళ్లగానే నెయ్యిలో వేగుతున్న తుమ్మజిగురు గుందర్ లడ్డూల వాసన వచ్చేది, చలికాలం బాలింతకు ప్రతి ఇంట్లో అవే. అవ్వ చేతులు కడిగి, ఆ ఇంటి ఇస్త్రీ పెట్టె అడిగి, తెర గుడ్డను ఇస్త్రీ చేసి, ఆ వెచ్చని గుడ్డ మీదే అరచేతులు కాచుకునేది. నా హీటరుకు పట్టే కరెంటులో పదోవంతుతో పని అయిపోయేది. కొంగున కర్పూరం, వాము కట్టిన చిన్న మూట ఎప్పుడూ ఉండేది, గంటకోసారి మాస్కు కిందినుంచి వాసన పీల్చేది. తర్వాత స్టాండుకు కట్టిన తెర వెనక చిన్న పీట మీద కూర్చుని, కాజాల్లోంచి చేతులు పెట్టి, పిల్లను అందుకుని, ఒక చేత్తో మెడ, ఒక చేత్తో నడుం పట్టి, నాలుకతో మొదలుపెట్టేది. టకటక్, టకటక్, టకటక్. వాళ్లు వజ్రాల వ్యాపారుల పిల్లలైనా సరే, మగ్గమంటే ఏమిటో తెలియని ఏడో అంతస్తు పిల్లలైనా సరే, మూడు నిమిషాల్లో కళ్లు మూతలు పడేవి. ఒకసారి పిల్లతో పాటు పిల్ల నాన్న కూడా సోఫాలో పడిపోయాడు. నేను కూడా నిలబడే ఒక కునుకు తీశానని అవ్వ ఊరంతా చెప్పింది.

ఫొటో తీయగానే కెమెరా వెనక చిన్న తెర మీద అవ్వకు చూపించేవాణ్ణి. ముడుచుకున్న పిల్ల, పిల్ల మెడ కింద అవ్వ చేయి, ఆ మణికట్టు మీద పచ్చబొట్టు తేలు. చిన్నప్పుడు జాతరలో వాళ్లమ్మ పొడిపించింది. "తేలు మంచిగ వడ్డది," అని తృప్తిగా తలూపేది.

అవ్వతో తీసిన మొదటి ఫొటోలు పెద్ద మార్కెట్టులో చీరల దుకాణమున్న ఒక గుజరాతీ ఇంటికి పంపాను. అరగంటలో ఫోను. ఇంటిల్లిపాదీ బా అని పిలిచే ఆ ఇంటి పెద్దావిడ. "అరె భాయ్, బచ్చీ కే పాస్ యే బిచ్ఛూ కహాఁ సే ఆయా?" పాప పక్కకు తేలు ఎక్కణ్ణుంచి వచ్చిందని. అది తేలు కాదు, మా అమ్మ చేయి అన్నాను. "తో హాథ్ భీ నికాలో," అంది. చేయి కూడా తీసెయ్యి.

తీసేశాను. యూట్యూబులో చూసి నేర్చుకుని, పిల్ల చర్మాన్నీ గుడ్డ రంగునూ ఇక్కడింత అక్కడింత తెచ్చి అతికించుకుంటూ, వేలు వేలునా అవ్వను చెరిపేశాను. అందులో కొత్తవాణ్ణి కాబట్టి ఒక్కో ఫొటోకి నాలుగు గంటలు పట్టింది. నేను అన్నిటినీ పెంచి చెప్తానని మీకీపాటికి అర్థమై ఉంటుంది, కానీ ఈ నాలుగు గంటలు పెంచినవి కావు. చివరికి పిల్ల మబ్బు మీద తనంతట తనే తేలుతున్నట్టు వచ్చింది. బా సంతోషించింది. ఆ తర్వాత ఎవరికి పంపినా చేతులు తీసేసే పంపాను.

"బా ఏమన్నదిరా?" అని అడిగింది అవ్వ ఆ సాయంత్రం, బియ్యం చెరుగుతూ.

"మస్తు మంచిగొచ్చినయన్నది."

"నా చేతులు?"

ఇక్కడ నేను ఉన్నమాట చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. అవ్వ 'గట్లనా' అని ఉండేది, బియ్యంలో రాయి ఏరి ఉండేది. కానీ నా నాలుకకు ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు పుట్టుకతోనే లేదు. "పిల్లకన్న చేతులే మంచిగున్నయన్నది. ఎవరివీ బంగారు చేతులని అడిగింది," అన్నాను.

అవ్వ చేట ఆపింది. చేతులు రెండూ తిప్పి చూసుకుంది. "పిచ్చి ముండ," అంది బా గురించి, నవ్వుతూ.

ఆ నవ్వు రుచి మరిగాను. తర్వాత ప్రతి ఇంటి గురించీ ఒక మాట తెచ్చేవాణ్ణి. డాక్టరు గారింట్లో ఆ చేతుల ఫొటో గోడంత చేసి పెట్టారన్నాను. ఒక వజ్రాల సేటు ఆ ఫొటోను ఆఫ్రికాలో ఉన్న తమ్ముడికి పంపితే, తమ్ముడు ఆ తేలును చూసి దండం పెట్టాడన్నాను. ఎంత పెంచితే అవ్వ అంత పెరిగేది. పొద్దున్నే చేతులకు కొబ్బరినూనె రాసుకోవడం మొదలుపెట్టింది. గోళ్లు కత్తిరించుకుంది. పోయిన నాయన గాజులన్నీ తీసుకుపోయాడనుకున్న మనిషి, చేతికి ఒక సన్నటి వెండి కడియం కొనుక్కుంది, ఫొటోలో బోసిగా ఉంటుందని. ఎండకు గుమ్మంలో కూర్చుని వీధి ఆడవాళ్లకు చెప్పేది: "సూరతుల ఏ పెద్దింట్ల చూడు, గోడమీద నా చేతులుంటయ్." ఎదురింటి రాజవ్వకు ఈ మాటలకు ఒళ్లు మండేది. ఇద్దరూ ఒకే ఏడాది సూరత్ వచ్చి, ఒకే కుళాయి దగ్గర నలభై ఏళ్లకు పైగా కొట్లాడుకుంటున్న మనుషులు. రాజవ్వ మాస్కు గడ్డం కిందికి లాగి మరీ అనేది: "నర్సవ్వా, జర ఆ చేతులతోని నా బిందె గూడ లేపరాదే, నేను గూడ గోడకు పెట్టుకుంట."

చెప్పేయాలని నాకు రెండు మూడుసార్లు అనిపించింది. కానీ చెప్తే అవ్వ వచ్చేది కాదు, అవ్వ రాకపోతే పిల్లలు పడుకునేవాళ్లు కారు. ఇది నా మనసులో అప్పుడే ఉంది. ఆమె సంతోషం కోసమే దాచానని తర్వాత నాకు నేను చెప్పుకున్న మాట, నేను ఇంతవరకూ చెప్పిన అబద్ధాలన్నిటిలోకీ పెద్దది.

చలి ఇంకా పూర్తిగా పోకముందు, మా కింది మగ్గాల యజమాని మల్లేశం సేటు ఇంట్లో మనుమరాలిని తొట్టెల ఉయ్యాలలో వేసే ఇరవై ఒకటో దినం చేశారు. సేటంటే గుజరాతీ కాదు, మా జిల్లావాడే. మగ్గం మీద కూర్చున్నవాడు మగ్గాల మీద పెత్తనానికి ఎదిగాడు. ఆ పాప ఫొటో పన్నెండో రోజున మేమే తీశాం. డాబా మీద షామియానా, మెట్ల దగ్గర చేతుల మీద మందునీళ్లు పోసే మనిషి, మాస్కుల్లోంచి మాటలు. తొట్టెల వెనక గోడకు ఆ పాప ఫొటోను మంచమంత ఫ్లెక్సీ కొట్టించారు. ఆ ఫ్లెక్సీ సంగతి నాకు ముందు తెలియదు. వీధి ఆడవాళ్లను నలుగురిని, రాజవ్వతో సహా, అవ్వ తానే ముందు నడిచి తీసుకొస్తోందని కూడా తెలియదు. నేను మెట్లెక్కేసరికి అవ్వ నీలం చీర కట్టుకుని, కడియం చేయి ముందుకు పెట్టి, ఆ గుంపు ముందు నిలబడి ఉంది.

"ఏదే నర్సవ్వా?" అంటోంది రాజవ్వ. "పిల్లనైతే ఉన్నది. నీ తేలేది? పాకి ఎటువోయింది?"

మిగతా ముగ్గురూ మాస్కుల్లో నవ్వారు. మాస్కులో నవ్వితే నోరు కనబడదు, భుజాలు కనబడతాయి.

అవ్వ ఫ్లెక్సీ దగ్గరికి పోయింది. పాప మెడ కింద, అచ్చం తన చేయి ఉండాల్సిన చోట వేలు పెట్టింది. అక్కడ మీగడరంగు గుడ్డే ఉంది, మెత్తగా మడతలు పడి. "గీడనే ఉండె," అంది. నడుం దగ్గర వేలు పెట్టింది. "గీడ." తర్వాత కళ్లజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, మళ్లీ చూసింది. ఇరవయ్యేళ్లు కంతలు వెతికిన కళ్లవి. ఆ కళ్లతో ఆ ఫ్లెక్సీని అంచు నుంచి అంచు దాకా, పడుగు వెంట పేక వెంట చూసినట్టు చూసింది. ఇక్కడ నేను పెంచి చెప్పేదేమీ లేదు. అవ్వ వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను కెమెరాలో ఏదో సర్దుకుంటున్నట్టు తల దించుకున్నాను.

భోజనం చేయకుండానే ఇంటికి నడిచింది. నేను వెనక నడిచాను. రోడ్డుకు రెండు వైపులా మగ్గాలు మళ్లీ నడుస్తున్నాయి, ఆ చప్పుడు ఎంత పెద్దదంటే మాట్లాడకుండా ఉండటానికి అదే సాకు. మా మెట్ల దగ్గర ఆగి అడిగింది.

"ఎట్ల దీసినవ్?"

"కంప్యూటర్ల."

"అన్ని ఫొటోలల్లనా?"

"ఆఁ."

"ఒక్కోదానికి ఎంతసేపు వడ్తది?"

"నాలుగు గంటలు."

అవ్వ వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంది. నలభై మంది పిల్లలను నాలుగు గంటలతో గుణించుకుంటోందేమో. "మంచిగ దీసినవ్," అంది. "అతుకు కనవడ్తలేదు."

తిట్టి ఉంటే బాగుండేది. అది పనితనం తెలిసిన ఒకరు పనితనం తెలిసిన ఇంకొకరికిచ్చిన మెప్పు. అంతకంటే పెద్ద తిట్టు ఆమె దగ్గర లేదు.

మర్నాడు స్కూటరు తీస్తే, "నాకు చలి వెడ్తాంది, నేను రాను," అంది. బయట ఎండ ఫెళ్లున కాస్తోంది. నేను ఒంటరిగా వెళ్లాను. కాజాల్లోంచి దూది మెత్తలు దూర్చాను, ఫోనులో మగ్గం చప్పుడు పెట్టాను. పిల్లవాడు గంటన్నర ఏడ్చాడు. వాళ్లమ్మ అడిగింది, "వో మాజీ నహీఁ ఆయీఁ?" ఆ ఒక్క ఇల్లే కాదు, తర్వాత వెళ్లిన ప్రతి ఇంట్లో బాలింతలు మొదట అడిగింది నా ఫొటోల గురించి కాదు, ఆ మాజీ, ఆ పెద్దమ్మ, రాలేదా అనే. ఆ చేతులు ఎవరికి కావాలో, ఎవరు తీసెయ్యమన్నారో, ఆ రెంటినీ నేనెప్పుడూ కలిపి చూడలేదు.

ఇంట్లో అవ్వ నూనె సీసా అటక మీద పెట్టేసింది. కడియం తీసి లత నగల పెట్టెలో వేసింది. వేసవిలో రెండోసారి రోగం వచ్చినప్పుడు పిల్లల ఫొటోలు ఎవరికీ గుర్తులేవు. ఎదురింటి రాజవ్వను ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు, వెనక్కి తీసుకురాలేదు. ఆ రోజు అవ్వ కుళాయి దగ్గర రాజవ్వ బిందె కూడా నింపి, వాళ్ల గుమ్మంలో పెట్టి వచ్చింది. "నవ్వెటిది గూడ లేకపాయె," అంది, ఎవరితోనూ కాదు.

చేసిన తప్పును దిద్దుకుందామని నేను హార్డ్‌డిస్కులన్నీ వెతికాను. చేతులున్న అసలు ఫొటోలు ఒక్కటీ లేవు. జాగా చాలక ఎప్పటికప్పుడు కొట్టేసేవాణ్ణి. మిగిలింది ఒకటే, అది కూడా ఫొటో కాదు, వెలుతురు సరిచూసుకోవడానికి పిల్లను ఇవ్వకముందు నొక్కిన ఫ్రేము. మీగడరంగు తెర, దాని మధ్య రెండు కాజాలు, వాటిలోంచి వచ్చిన రెండు చేతులు. అరచేతులు పైకి తెరుచుకుని, ఇస్త్రీ వేడికి ఎర్రబడి, కొంచెం దోసిలిపట్టి ఉన్నాయి, ఖాళీగా. తేలు స్పష్టంగా ఉంది. నా జీవితంలో అంత మంచి ఫొటో నేను తీయలేదు, తీస్తున్నానని తెలియకుండా తీశాను గనక వచ్చింది. పెద్దదిగా వేయించి, చట్రం కట్టించి, తెచ్చి అవ్వ ముందు పెట్టాను.

చాలాసేపు చూసింది. "ఎవరియిరా గివి?"

"నీయే అవ్వా."

"నాయి గావు," అంది. "నా చేతులు ఫొటోలల్ల వడవు."

ఆ చట్రం ఇప్పుడు బీరువా వెనక ఉంది. గోడ చెమ్మ బట్టలకు తగలకుండా ఆపుతుంది.

ఇప్పుడు నేను పిల్లల ఫొటోలు తీయను. ఒక కాలేజీలో గుర్తింపుకార్డుల ఫొటోలు తీస్తాను. కుర్చీలో కూర్చోబెడితే వాళ్లే కూర్చుంటారు. పిల్లల ఫొటోలకిప్పుడు మాల్‌లలో గదులున్నాయి, గోడలోంచే వేడి వస్తుందట, సముద్రం చప్పుడు, వాన చప్పుడు అన్నీ మిషన్లోంచి వస్తాయట. నా నాలుగు గంటల పనిని ఇప్పుడు ఫోను ఒక్క క్షణంలో చేస్తుంది. మొన్న లత తీసిన ఫొటోలో పక్కన ఎవరిదో మోచేయి పడితే, అడగకుండానే ఫోను దాని చుట్టూ గీత గీసి, తీసేయమంటారా అని తానే అడిగింది. నేను ఆ ఫోను పక్కన పెట్టి లేచిపోయాను. అప్పుడు కష్టపడి చేసిన పాపం ఇప్పుడు ఊరికే వస్తోంది, తేడా అదే.

అవ్వకిప్పుడు డెబ్భై దాటాయి. పోయిన నెల సిరిసిల్ల నుంచి మా మేనత్త కూతురు వచ్చి, మాటల మధ్య అడిగింది: "కరోనాల అందరు పనుల్లేక కూసున్నరు గదా, నువ్వేం చేసినవ్ అత్తమ్మా?"

"ఏం జెయ్యలే బిడ్డా," అంది అవ్వ. "ఇంట్లనే ఉన్న."

నేను పక్కనే ఉన్నాను. కాదని చెప్పడానికి నా దగ్గర ఒక్క రుజువూ లేదు, చట్రంలోని చేతులు తనవి కావని ఆమే అనేసింది. ఉన్న రుజువులన్నీ ఆమె మాటే నిజమంటాయి. నలభై ఇళ్లలో, ఏ ఫొటో చూసినా, అక్కడ ఎవరూ లేరు.

ఆ రుజువు ఒకటి దొరికిందనే నేను మొన్న ఆ గుడ్డ మీద అంత దూకుడుగా దూకింది. కాజాలున్నాయి కదా. ఆ రెండు కాజాలు చూపించి మేనత్త కూతురికి, ఎవరికైనా చెప్పొచ్చు, ఇదిగో, ఇక్కడ కూర్చుంది, ఇందులోంచి పట్టుకుంది అని. మడతలు విప్పాను. మధ్యలో చూశాను. తిప్పి చూశాను. కిటికీ దగ్గరికి పోయి ఎండకు పట్టి చూశాను. కాజాలు లేవు. వేరే గుడ్డేమోనని వాసన చూశాను. అదే గుడ్డ. కళ్లజోడు పెట్టుకుని, మొదటిసారి ఒక గుడ్డను అవ్వ చూసినట్టు, పడుగు వెంట పేక వెంట చూస్తే, ఒక అంచున మాత్రం నాలుగు వేళ్ల మేర దారాలు లాగేసి పలచగా ఉంది. మధ్యలో ఎక్కడా ఏమీ లేదు. గోరు పెట్టి గీరినా తగల్లేదు.

అవ్వ తన మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. గుడ్డ తీసుకెళ్లి ఆమె ముందు నిలబడ్డాను. తల ఎత్తలేదు గానీ గుడ్డను చూసిందని చేతులు ఒక్క క్షణం ఆగడంలో తెలిసింది.

"ఎంతసేపు వట్టిందే అవ్వా?" అన్నాను.

"ఒక్కోదానికి నాలుగు గంటలు," అంది, ఇంకో చిక్కుడుకాయ తీసుకుంటూ.